నెలకు రెండుసార్లు తిరిగే బండి: కడప నుంచి కొండ కింది తోట ఇంటికి పాత ఎస్‌యూవీ ఎంపిక (కేస్ స్టడీ)

కడప టౌన్‌లో ఆరుగురున్న ఇల్లు. భార్యాభర్తలు, తొమ్మిదేళ్ల పాప, పదమూడేళ్ల బాబు, డెబ్బై దాటిన అవ్వ, తాత. మదనపల్లె అవతల హార్సిలీ హిల్స్ కింద వీళ్లకు మామిడి తోట, అందులో రెండు గదుల ఇల్లు ఉన్నాయి. నెలకు ఒకటి రెండుసార్లు శని, ఆదివారాల్లో అక్కడికి పోతారు. సంక్రాంతికి, దసరాకు నాలుగైదు రోజులు, మే నెలలో రెండు వారాలు అక్కడే ఉంటారు. రాయచోటి మీదుగా పోనూ రానూ 300 కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. ఏడాదికి 20 ట్రిప్పులనుకుంటే 6,000 కిలోమీటర్లు. ఊళ్లో పనులకు చిన్న కారు, స్కూటర్ వేరే ఉన్నాయి. అంటే కొనబోయే బండి ఏడాదిలో 300 రోజులకు పైగా కదలకుండా ఇంటి ముందు నిలబడే ఉంటుంది.

పెట్టగలిగింది 7.5 లక్షలు. పేరు మార్పిడి, ఇన్సూరెన్స్, మొదటి రిపేర్లు అన్నీ అందులోనే రావాలి. తారురోడ్డు దిగాక తోట దాకా 3 కిలోమీటర్ల మట్టిదారి. ఎర్రనేల, పైకి తేలిన రాళ్లు, మధ్యలో వానాకాలంలో పారే ఒక వంక.

2024 నవంబరులో మా సలహాతో నాలుగు బళ్లు చూసి ఒకటి కొన్నారు. మిగతా మూడూ ఎందుకు వద్దనుకున్నారు, కొన్న బండి విషయంలో ఎక్కడ పొరపాటు జరిగింది, ఏడాది తర్వాత ఏం తేలింది అన్నది ఈ కేసు. ఇలాంటి వాడకానికి మీటరు మీద తక్కువ కిలోమీటర్లున్న బండిని వెతకడమే మొదటి తప్పు. ఆగకుండా తిరుగుతూ, టైముకు సర్వీసు చేయించుకున్న బండిని వెతకాలి. రబ్బరు, ఆయిలు, ఏసీ గ్యాసు, బ్యాటరీ, బ్రేక్ ఫ్లూయిడ్... వీటికి కిలోమీటర్లతో పని లేదు, కాలమే వీటిని తినేస్తుంది.

బండ్లు చూడకముందే తేల్చుకున్నవి

ఆరుగురికి ఐదు సీట్ల బండి చాలదు. ఇది చెప్పక్కర్లేని మాట లాగే ఉంటుంది కానీ, ఈ ఇంట్లోనే మొదట 2018 క్రెటా పెట్రోల్‌ను ఇష్టపడ్డారు. బండి శుభ్రంగా ఉంది, రేటూ సరిపోయింది. "పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుంటాంలే" అన్నారు. తొమ్మిదేళ్ల పిల్లను ఒళ్లో పెట్టుకుని ఘాట్ రోడ్డు ఎక్కడమంటే బ్రేకు పడిన క్షణంలో ఆ పిల్లకు ఏ ఆధారమూ లేనట్టే. అక్కడితో ఆ బండి పక్కకు పోయింది. అదే లెక్కన, వెనక పక్కలకు తిరిగి ఎదురెదురుగా కూర్చునే సీట్లున్న బళ్లూ వద్దనుకున్నారు. మూడో వరుసలో ముందుకు చూసే సీటు ఉండాలి, దానికి బెల్టు ఉండాలి.

తర్వాత డీజిలా, పెట్రోలా. 6,000 కిలోమీటర్లకు లీటరుకు 12 ఇచ్చే డీజిల్ బండి 500 లీటర్లు తాగుతుంది, 10 ఇచ్చే పెట్రోల్ బండి 600 లీటర్లు. ఏడాదికి తేడా 100 లీటర్లే. ఇంత తక్కువ తిరిగేవాళ్లు మైలేజీ కోసం డీజిల్ కొనాల్సిన పనే లేదు. ఆ 3 కిలోమీటర్ల రాళ్ల దారి లేకపోయి ఉంటే పెట్రోల్ ఎర్టిగా తీసుకోమనేవాళ్లం, రెండో మాట లేకుండా. అయితే ఆరుగురు ఎక్కి, సామాన్లు వేశాక దాని వెనక భాగం కిందికి కూర్చుంటుంది. తేలిన రాళ్ల మీద ప్రతిసారీ అడుగు తగులుతుంది. ఈ రేటులో, ఏడు సీట్లతో, ఎత్తుగా ఉండే పాత బళ్లంటే మన దగ్గర దాదాపు అన్నీ డీజిలే. అందుకే డీజిల్ వైపు పోవాల్సి వచ్చింది.

డీజిల్ అనగానే బీఎస్6 (బళ్ల పొగ మీద పెట్టిన కొత్త నిబంధన) సంగతి వస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే సైలెన్సర్ గొట్టం బాగా వేడెక్కాలి, అంటే ఆపకుండా ఇరవై నిమిషాలైనా హైవే మీద పోవాలి. తోటకు పోయే ట్రిప్పుల్లో ఇది దానంతటదే జరిగిపోతుంది. తంటా అంతా మధ్యలో. ఖాళీగా ఉందని అదే బండిలో స్కూలుకు, కూరగాయలకు రెండేసి కిలోమీటర్లు తిప్పితే మసి కాలడం మొదలయ్యేలోపే ఇంజన్ ఆపేస్తారు. కాల్చడానికని అదనంగా పోసిన డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్‌లోకి దిగి ఆయిల్ పలచబడుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరుగుతూ కనిపిస్తే సంతోషపడొద్దు, అది డీజిల్. ఈ కుటుంబం రేటు దగ్గరే బీఎస్6 వద్దనుకుంది. వేరేవాళ్లు కొంటే మాత్రం ఊళ్లో తిప్పకూడదన్న నియమం ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

ఫోర్ వీల్ డ్రైవ్ అడిగారు. వద్దన్నాం. వంక దాటడానికి కావాల్సింది ఎత్తు, మంచి టైర్లు, నీళ్ల లోతు తెలుసుకుని ఆగగలిగే ఓపిక. ఫోర్ వీల్ డ్రైవ్ అంటే ముందు చక్రాలకూ ఒక డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె), ట్రాన్స్‌ఫర్ కేసు (ముందుకూ వెనక్కూ శక్తిని విడదీసే పెట్టె), అదనపు షాఫ్ట్‌లు, సీళ్లు. నెలకోసారైనా దాన్ని వేసి నడపకపోతే లోపల పట్టేస్తుంది. ఎక్కువ రోజులు నిలబడే బండికి కదిలే భాగాలు ఎంత తక్కువుంటే అంత మంచిది.

చూసిన మిగతా మూడు బళ్లు

మొదటిది 2013 ఇన్నోవా, 2.5 డీజిల్. ఏడు సీట్లంటే రాయలసీమలో ముందు నోట్లోకి వచ్చే పేరు ఇదే, అందుకు తగ్గ బండే. మీటరు 1,18,000 చూపించింది. ఈ ఇంజన్‌కు టైమింగ్ బెల్టు ఉంటుంది, చైన్ కాదు. తెగితే పిస్టన్లు వాల్వులకు తగిలి ఇంజన్ విప్పాల్సి వస్తుంది. కాబట్టి బెల్టు ఎప్పుడు మార్చారన్నది ఇందులో మొదటి ప్రశ్న. మెకానిక్‌లు బెల్టు మార్చినప్పుడు తేదీ, కిలోమీటర్లు బెల్టు కవరు మీద మార్కరుతో రాసి పెడతారు. టార్చి వేసి, దుమ్ము గుడ్డతో తుడిచి చూస్తే చెదిరిన అక్షరాల్లో "1,52,000" అని ఉంది. మీటరేమో 1,18,000. క్లచ్ పెడల్ రబ్బరు మీద గీతలు అరిగిపోయి నున్నగా ఉన్నాయి, డ్రైవరు సీటు తలుపు వైపు అంచు కుంగిపోయింది. ఆర్‌సీ పాత వివరాలు తీస్తే అది మొదట్లో పసుపు బోర్డుతో తిరిగిన బండి. ట్రావెల్స్‌లో తిరగడం తప్పేమీ కాదు, సర్వీసు సరిగా చేసి ఉంటే అలాంటి బండే మేలు. మీటరు వెనక్కి తిప్పారంటే మాత్రం మిగతా ఏ కాగితాన్నీ నమ్మలేం.

రెండోది 2015 ఎక్స్‌యూవీ500. కిలోమీటర్లు 41,000 మాత్రమే. ఇది నిజమైన రీడింగే, బిల్లులున్నాయి. ఓనరు విదేశాల్లో ఉంటే ఇంటి పెద్దాయన పోర్టికోలో కవరు కప్పి జాగ్రత్తగా ఉంచారు. "కొత్త బండి మాదిరి ఉంది సార్, ఎండ కూడా తగల్లేదు" అన్నారు ఆయన. పైకి చూస్తే అది నిజమే. ఇంటిల్లిపాదీ దీనివైపే మొగ్గారు.

టైర్ల పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఐదు టైర్ల మీదా "3214" ఉంది, అంటే 2014లో 32వ వారం. పట్టీ ఇంకా 6 మిల్లీమీటర్లుంది, కానీ పక్క గోడను బొటనవేలితో నొక్కితే సన్నని పగుళ్లు విచ్చుకుంటున్నాయి. పదేళ్ల రబ్బరు. మే నెల ఎండలో ఆరుగురిని మోస్తూ వంద మీద పోతే ఎక్కడ పేలుతుందో చెప్పలేం. బ్యాటరీ కొత్తది, అమ్మకం కోసమే వేశారు. కూలెంట్ డబ్బాలో ఎరుపో ఆకుపచ్చో ఉండాల్సిన చోట టీ నీళ్ల రంగు. ఎవరో బోరు నీళ్లు కలిపారు. మన బోర్లలోని ఉప్పు రేడియేటరు సన్న గొట్టాల్లో గారలా పేరుకుంటుంది, బండి ఘాట్ ఎక్కేటప్పుడే అది బయటపడుతుంది.

పది కిలోమీటర్లు నడిపి ఆపి, దూరం నుంచి వేడి చూపే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పట్టుకుంటే మూడు చక్రాలు 60 డిగ్రీల దగ్గరున్నాయి, వెనక ఎడమది 140. కాలిపర్ (బ్రేకు ప్యాడ్‌లను డిస్కుకు నొక్కే భాగం) పిస్టన్ తుప్పుతో పట్టేసి, బ్రేకు వదిలినా ప్యాడ్ డిస్కును వదలడం లేదు. ఏసీ చల్లగా లేదు. చాలాకాలం వేయకపోతే కంప్రెసర్ షాఫ్టు సీలుకు ఆయిల్ అందక ఎండిపోయి గ్యాసు మెల్లగా పోతుంది.

వీటన్నిటికీ రిపేరుంది. అసలు కారణం ఇంజన్ పైన ప్లాస్టిక్ కవరు ఎత్తినప్పుడు కనిపించింది. బానెట్ లోపలి స్పాంజిని పీకి కట్టుకున్న ఎలుక గూడు, గూడు నిండా వేరుశెనగ తొక్కలు. పక్కన ఇంజెక్టర్ల వైపు పోయే వైర్ల కట్ట మీద మూడు చోట్ల నల్ల టేపు చుట్టి ఉంది. కొరికిన వైరుకు అతుకు వేసి టేపు చుడితే ఆ రోజుకు బండి నడుస్తుంది. వానలో తడిస్తేనో, వేడెక్కితేనో ఎప్పుడో ఒకసారి మొరాయిస్తుంది, షెడ్డుకు తెచ్చేసరికి మళ్లీ బాగుంటుంది. అప్పుడప్పుడు వచ్చే కరెంటు తప్పును పట్టుకోవడం కంటే ఇంజన్ విప్పడం తేలిక. ముసలివాళ్లతో రాత్రిపూట ఘాట్‌లో ఆగిపోయే అవకాశమున్న బండి ఎంత తక్కువకొచ్చినా వద్దని చెప్పాం. ఇవేవీ ఆ మోడల్ లోపాలు కావు, ఏ బండైనా తొమ్మిదేళ్లలో 41,000 తిరిగితే ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

మూడోది, చివరకు కొన్నది, 2015 స్కార్పియో ఎస్10, 2.2 ఎంహాక్ డీజిల్, టూ వీల్ డ్రైవ్. మధ్యలో రెండు విడి సీట్లు, వెనక ముందుకు చూసే బెంచి. కడప రిజిస్ట్రేషన్, ఏపీ04. ప్రొద్దుటూరులో రెండో ఓనరు దగ్గరుంది. మీటరు 1,12,000. బిల్లుల ఫైలు మొత్తం ఉంది, గత మూడేళ్లలో ఏడాదికి 10 నుంచి 12 వేలు తిరిగింది. టైమింగ్ చైన్ ఇంజన్, డీపీఎఫ్ లేదు, రాయచోటిలోనూ మదనపల్లెలోనూ దీని మీద చెయ్యి తిరిగిన మెకానిక్‌లున్నారు. ఆ చివరి మాటకు విలువ ఎక్కువ. సెలవు రోజు ఊరికి దూరంగా ఆగిపోయినప్పుడు ఏ బండి గొప్పదన్నది పనికిరాదు, దానికి సామాను ఎక్కడ దొరుకుతుందన్నదే పనికొస్తుంది.

చల్లగా ఉన్నప్పుడు, తర్వాత గువ్వలచెరువు ఘాట్‌లో

ముందురోజే ఓనరుకు చెప్పాం, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టాలి. వెచ్చగా ఉంటే చల్లని ఇంజన్ స్టార్టింగ్‌లో ఉన్న తప్పును దాచారనుకోవచ్చు, ఇంకో రోజు రావాలి. స్కార్పియో చల్లగా ఉంది, ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ మండుతున్నట్టు, తెల్ల పొగ తియ్యటి వాసనతో వస్తే కూలెంట్ లోపలికి దిగుతున్నట్టు, లాగినప్పుడు నల్ల పొగ దట్టంగా వస్తే ఇంజెక్టరో, ఎయిర్ ఫిల్టరో, టర్బో గొట్టం పగులో. ఇక్కడ మొదటి పది సెకన్లు లేత పొగ, తర్వాత ఏమీ లేదు. ఐడిలింగ్‌లో ఆయిల్ మూత తీసి బోర్లించి పెడితే మూత మెల్లగా కదలొచ్చు, ఎగిరిపడకూడదు. ఎగిరితే రింగులు అరిగి కంప్రెషన్ కిందికి వస్తున్నట్టు.

కింద పడుకుని ఛాసిస్ చూడటానికి అరగంట పట్టింది. ఫ్రేము మీద కట్టిన బండి కాబట్టి దాని ప్రాణమంతా ఆ రెండు పొడవాటి దూలాల్లో ఉంది. కొత్త వెల్డింగు మచ్చ, సుత్తి దెబ్బల సొట్ట, ఒక్కచోట మాత్రమే కొత్త నల్లరంగు ఉంటే గుద్దుకున్న బండి. ఇందులో అవేవీ లేవు. పెయింట్ మందం మీటరుతో చూస్తే బాడీ అంతా 110 నుంచి 140 మైక్రాన్లు, వెనక ఎడమ తలుపు మాత్రం 260. ఒక పొర మళ్లీ కొట్టారు, పుట్టీ లేదు. పుట్టీ ఉంటే 500 దాటుతుంది.

కడపలో బండి కొనేవాళ్లకు రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాట్‌ను మించిన పరీక్ష లేదు. లారీలు పలచగా ఉండే ఆదివారం ఉదయం 6 గంటలకు, ఇంటివాళ్లందరినీ ఎక్కించుకుని, సామాన్ల బదులు రెండు బియ్యం మూటలు వేసుకుని బయలుదేరాం. ఒక్కరే కూర్చుని బైపాస్ మీద నడిపితే ఏ బండైనా బాగానే ఉంటుంది.

ఎక్కేటప్పుడు ఏసీ ఫుల్‌గా వేసి మూడో గేరులో పోవాలి. టెంపరేచర్ ముల్లు సగం దగ్గర కదలకుండా ఉండాలి. నాలుగో గేరులో 50 మీద ఉన్నప్పుడు యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితే ఆర్‌పీఎం, వేగం కలిసి పెరగాలి. ఆర్‌పీఎం ఎగిరి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఘాట్‌కు పోకుండానే ఇంకో పద్ధతుంది. ముందు ఖాళీ ఉన్న చోట హ్యాండ్‌బ్రేక్ గట్టిగా వేసి, మూడో గేరులో పెట్టి క్లచ్ మెల్లగా వదిలితే ఇంజన్ వెంటనే ఆగిపోవాలి.

గువ్వలచెరువులో పాలకోవా కోసం ఎలాగూ ఆగుతారు. ఆగగానే ఇంజన్ ఆపకుండా రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచితే టర్బో చల్లబడుతుంది. ఆ తర్వాత ఆపి, కోవా తిన్న పది నిమిషాలకు మళ్లీ స్టార్ట్ చేయాలి. వేడి మీద సెల్ఫ్ ఎక్కువసేపు తిరిగితే ఇంజెక్టర్లు డీజిల్‌ను వెనక్కి వదిలేస్తున్నాయని అనుమానించాలి. ఈ తప్పు చల్లని ఇంజన్‌లో కనపడకపోవచ్చు, దాని రిపేరు వేలల్లో ఉంటుంది. స్కార్పియో వెంటనే అందుకుంది.

దిగేటప్పుడు మూడో గేరులోనే, ఇంజన్‌తో వేగం ఆపుకుంటూ. వెనక బండ్లు లేనప్పుడు 50 నుంచి 20 దాకా ఐదుసార్లు వరసగా బ్రేకు వేశాం. పెడల్ ప్రతిసారీ ఒకే ఎత్తులో ఆగాలి. మూడోసారికే మెత్తబడి కిందికి పోతే బ్రేక్ ఫ్లూయిడ్‌లో నీళ్లు చేరాయని అర్థం. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, గాలిలోని తేమ పీల్చుకుంటే ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. మరిగితే లోపల ఆవిరి బుడగలు ఏర్పడి, కాలు నేలకు తాకినా బ్రేకు పట్టదు. నిలబడ్డ బండిలోనూ ఫ్లూయిడ్ తేమ పీలుస్తూనే ఉంటుంది. ఇక్కడ పెడల్ సరిగానే ఉంది. కిందికి దిగాక ముందు డిస్కులు 130, 135 డిగ్రీలు, వెనక డ్రమ్ములు 70, 75. రెండు పక్కలా సమానం, అంటే ఏ చక్రమూ పట్టేయలేదు.

దొరికిన తప్పులు ఇవి: ముందు టైర్లు లోపలి అంచున ఎక్కువ అరిగాయి, లోయర్ ఆర్మ్ బుష్‌లు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే కమ్మీల రబ్బర్లు) పోయాయి. నాలుగు టైర్లూ 2019వి. వెనక ఏసీ గాలి తక్కువ. వెనక యాక్సిల్ ఎడమ సీలు దగ్గర ఆయిల్ చెమర్చి, దాని మీద దుమ్ము అంటుకుని ఉంది. చుక్క కారడం లేదు.

అవ్వ ఎక్కడం, దిగడం

ఇంజన్ గురించి గంటలు గంటలు మాట్లాడేవాళ్లు దీన్ని మరిచిపోతారు. అవ్వకు మోకాళ్ల నొప్పి. స్కార్పియో ఎత్తు బండి, ఫుట్‌బోర్డే నేల నుంచి ఒకటిన్నర అడుగు దాకా ఉంటుంది. మొదటిసారి ఇద్దరు పట్టుకుంటే తప్ప ఎక్కలేకపోయింది. ఫుట్‌బోర్డు కింద ఇంకో మెట్టు వెల్డింగు చేయిద్దామన్నారు. అలా చేస్తే ఎత్తు బండి కొన్న ప్రయోజనమే పోతుంది, మట్టిదారిలో ముందు ఆ మెట్టే రాళ్లకు తగులుతుంది. చివరకు పని చేసింది 6 అంగుళాల ఎత్తున్న వెడల్పాటి చెక్క పీట. కింద నాలుగు మూలలకూ పాత ట్యూబు రబ్బరు ముక్కలు కొట్టారు, జారదు. పీట మీద కుడికాలు, ఫుట్‌బోర్డు మీద ఎడమకాలు, తలుపు కమ్మీకి బిగించిన పిడి పట్టుకుని తనే ఎక్కేసింది. మధ్య వరుసలో విడి సీట్లు కావడంతో పక్కకు జరగాల్సిన పనీ లేదు. పీట డిక్కీలో కాకుండా ముందు సీటు కింద ఉండాలి, దిగగానే చేతికి అందాలి.

కాగితాలు

బెంగళూరులో ఇదే మోడల్ తక్కువకు దొరుకుతుందని చాలామంది చెప్పారు. దొరకొచ్చు. కానీ పక్క రాష్ట్రం బండిని 12 నెలలకు మించి మన దగ్గర ఉంచితే మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇక్కడి నంబరు తీసుకోవాలి. అక్కడి నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ బండి వయసును బట్టి మళ్లీ జీవితపన్ను, అక్కడ కట్టిన పన్నులో మిగిలింది వాపసు రాబట్టుకోవడానికి తిరుగుడు. వీటిని కలిపి చూసుకుంటే లోకల్ బండికి, దానికి పెద్ద తేడా మిగల్లేదు.

ఏపీ04 బండి కాబట్టి అమ్మినట్టు తెలిపే ఫారం 29 రెండు కాపీలు, పేరు మార్పిడి కోరే ఫారం 30 సరిపోయాయి. పాత ఫైనాన్స్ తీరిపోయింది కానీ ఆర్‌సీలో కంపెనీ పేరు అలాగే ఉంది. ఆ పేరు తీయించే ఫారం 35, ఫైనాన్స్ వాళ్ల ఎన్ఓసీ అమ్మినాయనే తెచ్చేదాకా 50,000 ఆపి ఉంచారు. ఇలా ఆపి ఉంచకపోతే ఆ కాగితం కోసం కొన్నవాళ్లే నెలల తరబడి తిరుగుతారు. ఒకే రాష్ట్రంలో అమ్మినాయన 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి.

ఇన్సూరెన్స్ పేరు కూడా 14 రోజుల్లో మార్చుకోవాలి. ఎదుటివాళ్లకు జరిగే నష్టం పాలసీతో పాటే బదిలీ అవుతుంది కానీ, పేరు మారకపోతే మన బండికి జరిగే డ్యామేజీకి క్లెయిము రాదు. నో క్లెయిమ్ బోనస్ అమ్మినాయన సొంతం, అది బండితో రాదు, ఆ తేడా కట్టాలి. చలాన్లు బాకీ ఉన్నాయేమో చూసి, పాత ఫాస్టాగ్ మూయించాలి. 2015 బండి కాబట్టి రిజిస్ట్రేషన్ 2030 దాకా ఉంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి.

రేటు, మొదటి పనులు

అడిగింది 6.40 లక్షలు. అరిగిన టైర్ల ఫోటోలు, బుష్‌ల ఖర్చు కాగితం మీద రాసి ముందు పెడితే 5.85 దగ్గర తెగింది. వెంటనే చేయించినవి: 235/65 ఆర్17 టైర్లు నాలుగు, 46,000. బ్యాటరీ 8,500. ఇంజన్ ఆయిల్, అన్ని ఫిల్టర్లు, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఆయిళ్లు, డాట్ 4, కూలెంట్ కలిపి 15,000. బుష్‌లు, లింక్ రాడ్లు, అలైన్‌మెంట్ 7,500. పిడి, పీట, వెనక ఏసీ శుభ్రం చేయడం 3,000. మొత్తం 80,000. కూలెంట్ మార్చేటప్పుడు పాతది వదిలేసి, మినరల్స్ తీసేసిన నీళ్లతో రెండుసార్లు కడిగి, సగం కూలెంట్, సగం అవే నీళ్లు పోయించాం. షెడ్డులో బకెట్టు నీళ్లు పోయబోతుంటే ఆపాల్సి వచ్చింది.

యాక్సిల్ సీలు మాత్రం "చుక్క పడట్లేదు కదా, తర్వాత చూద్దాం" అని వదిలేశారు. మేమూ గట్టిగా పట్టుబట్టలేదు.

నిలబడి ఉన్నప్పుడు

కొన్న రెండో వారానికే బ్యాటరీ డౌన్. కొత్త బ్యాటరీ! బండి ఆపి ఉన్నప్పుడు ఎంత కరెంటు పోతోందో కొలిచాం. ముందు తలుపు గొళ్లాన్ని స్క్రూడ్రైవరుతో మూసిన స్థితిలోకి నెట్టాలి, లేకపోతే లోపలి లైటు వెలుగుతూనే ఉంటుంది. తర్వాత నెగటివ్ టెర్మినల్ తీసి, మల్టీమీటరును 10 ఆంపియర్ల రేంజిలో వైరుకూ టెర్మినల్‌కూ మధ్య పెట్టి, లోపలి కంప్యూటర్లు నిద్రపోయేదాకా అరగంట ఆగాలి. 50 మిల్లీ ఆంపియర్ల లోపుంటే ఫర్వాలేదు. ఇక్కడ 140 వచ్చింది. పాత ఓనరు వేయించిన మ్యూజిక్ సిస్టమ్‌కు కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి లాగారు. దాన్ని తాళంచెవి తిప్పితే వచ్చే లైనుకు మార్చాక 40కి దిగింది.

లెక్క చూడండి. 140 మిల్లీ ఆంపియర్లంటే రోజుకు 3.36 ఆంపియర్ అవర్లు. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ తొమ్మిది రోజుల్లో సగం ఖాళీ. 50 ఉన్నా 25 రోజుల్లో సగం ఖాళీ అవుతుంది. రోజూ తిరిగే బండిలో ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు. మూడు వారాలకు మించి తీయనప్పుడు 10 నంబరు స్పానరుతో నెగటివ్ టెర్మినల్ తీసి పెట్టడం బాబు నేర్చుకున్నాడు. పూర్తిగా నిండిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది, 12.2కు వచ్చిందంటే సగమే మిగిలినట్టు.

"వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తున్నాం" అని చాలా ఇళ్లలో చెబుతారు. అది మేలు కంటే కీడే. సెల్ఫ్ లాక్కున్న కరెంటు ఐదు నిమిషాల ఐడిలింగ్‌లో పూర్తిగా తిరిగి చేరకపోవచ్చు. సైలెన్సర్‌లో తేమ ఆవిరయ్యేంత వేడి పుట్టదు, అది లోపలే ఉండి తుప్పు పట్టిస్తుంది. రెండు వారాలకోసారి తీసి, ఏసీ వేసుకుని, 30 కిలోమీటర్లు తిప్పి రావాలి. తోటకు పోయే వారం ఆ పని దానంతటదే అయిపోతుంది.

హ్యాండ్‌బ్రేక్ లాగి నెలల తరబడి ఉంచితే వానాకాలంలో వెనక షూ డ్రమ్ముకు అతుక్కుంటుంది. గేరులో పెట్టి, చక్రాల కింద రాళ్లు కాకుండా చెక్క దిమ్మెలు పెడుతున్నారు. డీజిల్ ట్యాంకు ముప్పావు పైన ఉంచితే లోపల తేమ తక్కువ చేరుతుంది. బండిని గడ్డి మీద కాక సిమెంటు నేల మీద, రేకుల కింద పెట్టారు. కవరు కప్పడం మానేశారు, కవరు కింద తేమా చేరుతుంది, ఎలుకలూ చేరతాయి. తోట దగ్గర ఉన్నన్నాళ్లూ రాత్రిళ్లు బానెట్ ఎత్తే ఉంచుతారు. చీకటీ, వెచ్చదనం లేని చోట ఎలుక గూడు కట్టడం తక్కువ.

ఏడాది తర్వాత

2025 నవంబరు దాకా తిరిగింది 5,700 కిలోమీటర్లు. మ్యూజిక్ సిస్టమ్ లైను మార్చాక బ్యాటరీ ఒక్కసారీ ఇబ్బంది పెట్టలేదు. టైర్లు నాలుగూ సమంగా అరుగుతున్నాయి.

తప్పు ఆగస్టులో జరిగింది. సాయంత్రం వాన పడి వంక మోకాలి లోతున పారుతోంది. చక్రం మధ్య బుడిపె మునగనంత నీళ్లలోనే దాటాలని అనుకున్నారు, కానీ చీకటి పడుతోందని దిగేశారు. దాటింది, ఇబ్బందేమీ కనపడలేదు. రెండు వారాల తర్వాత వెనక నుంచి సన్నని ఊళ మొదలైంది. యాక్సిలరేటరు వదిలితే ఎక్కువ, తొక్కితే తక్కువ. డిఫరెన్షియల్ బోల్టు విప్పితే ఆయిల్ పాల మాదిరి తెల్లగా వచ్చింది, అందులో నీళ్లు చేరాయి.

హైవే మీద 120 కిలోమీటర్లు వచ్చిన యాక్సిల్ వేడిగా ఉంటుంది. ఒక్కసారిగా చల్లని నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని బయటి నుంచి లాక్కుంటుంది. అందుకే యాక్సిల్ పైన గాలి పీల్చే బ్రీదర్ ఉంటుంది. ఇందులో అది ఎర్రమట్టితో పూర్తిగా మూసుకుపోయింది. గాలి దారి లేక, చెమర్చుతున్న ఆ ఎడమ సీలు దగ్గర నుంచే నీళ్లు లోపలికి లాగేసింది. కొన్నప్పుడు ఇతర పనులతో పాటు సీలు వేయించి, బ్రీదర్ మూత తిప్పి చూసి ఉంటే సరిపోయేది. ఇప్పుడు రెండు వైపులా సీళ్లు, ఒక బేరింగు, రెండుసార్లు ఆయిల్ మార్పు. మొదటి ఆయిల్ కడగడానికే పోసి, 100 కిలోమీటర్లు తిప్పి తీసేశాం. ఊళ పూర్తిగా పోలేదు, గతంలో కంటే తగ్గింది, పెరగకుండా ఉంది.

బ్రీదర్‌కు రబ్బరు గొట్టం తగిలించి ఛాసిస్ పైకి, డీజిల్ ట్యాంకు మూత ఎత్తుకు తెచ్చి కట్టారు. వంక ఒడ్డున తాత ఒక రాతికి తెల్ల సున్నంతో గీత గీశాడు. చక్రం బుడిపె ఎత్తు అది. నీళ్లు గీత మీదుంటే బండి ఇవతలే ఆపి, ఇంటిదాకా నడిచి పోతారు.